దుంకని నీళ్ళు

మధ్య తూముల రైతులు నీళ్ళు దొంగిలిస్తున్నారని కాగితం మీద రాసింది నేనే. రాత్రిపూట తూములు ఎత్తుకుంటున్నారని, చివరి భూములకు నీరు చేరనిది అందుకేనని రాశాను. కళ్ళతో చూసి కాదు, లెక్కగట్టి రాశాను.

నల్గొండ జిల్లాలో, సాగర్ ఎడమ కాలువ కింద ఒక మైనరు కాలువ మీద జరిగిన సంగతి అది. దాని తల దగ్గర రెండడుగుల గొంతుతో ఒక పార్షల్ ఫ్లూమ్ ఉండేది. కొత్తగా చేరిన ఏఈని, దానిమీద నాకు వల్లమాలిన మోజు. కాలువను రెండు పక్కల నుంచీ దగ్గరికి తెచ్చి, గొంతు దగ్గర అడుగును కిందికి వాలిస్తే నీరు వేగం పుంజుకుని దూకుతుంది. అలా దూకినంతసేపూ దిగువన ఏం జరుగుతున్నా ఎగువ మట్టం మారదు. ఎగువ గేజి ఒక్కటి చదివితే చాలు, ఎంత నీరు పోతోందో పట్టికలో దొరుకుతుంది. కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్‌లో పనిచేసిన రాల్ఫ్ పార్షల్ దీని వివరాలను 1926లో అమెరికా సివిల్ ఇంజనీర్ల సంఘం సంపుటంలో ప్రకటించాడు. ఎవరి వాటా ఎంతో తేల్చడానికి ఇంత నికరమైన సాధనం ఇంకోటి లేదని ఇప్పటికీ నమ్ముతాను.

అయితే ఆయన రెండో గేజి కూడా పెట్టాడు, గొంతు చివర. రెండింటికీ సున్నా ఒకటే: గొంతుకు ముందున్న అడుగు మట్టం. ఒకటి నుంచి ఎనిమిది అడుగుల గొంతు ఉన్నవాటికి, దిగువ మట్టం ఎగువ మట్టంలో 70 శాతం దాటనంతవరకే ఆ ఒక్క గేజి లెక్క చెల్లుతుంది. దాటితే ఫ్లూమ్ మునిగినట్టే, పట్టిక చూపేదాంట్లోంచి కొంత తీసేయాలి. చదువుకునేటప్పుడు ఇదంతా రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే.

మా ఫ్లూమ్ రెండో గేజి బావి ఒండ్రుతో పూడిపోయి ఉంది. తీయించలేదు. అవసరమనిపించలేదు.

వరి పొట్టకొచ్చే వేళ చివరి రైతులు వచ్చి నిలదీశారు. వెళ్ళి చూస్తే ఎగువ గేజి అడుగున్నర. పట్టిక ప్రకారం 15 క్యూసెక్కులు. తల దగ్గర నిండుగా పోతుంటే కింద ఎండుతోందంటే, దారిలో ఎవరో తీసుకుంటున్నట్టే కదా అనుకున్నాను. పక్కనే ఉన్న లస్కరు, ఆ కాలువ మీదే తల నెరిసినవాడు, ‘సార్, అవతల నీళ్ళు ఎక్కినయి. ఇక్కడ దుంకుతలేవు’ అన్నాడు. విన్నాను. వినికూడా గేజి అంకెనే నమ్మాను. ఫ్లూమ్ పనిచేయడం లేదని చెప్పడానికి అంతకన్నా కచ్చితమైన మాట ఏ పుస్తకంలోనూ ఉండదు. గొంతు మీద నీరు పలకలా చదునుగా ఉంది, నురగ లేదు, చప్పుడు లేదు. నా కళ్ళెదుటే ఉంది.

దిగువన తూటికాడ, తుంగ కాలువను కమ్మేశాయి. నీరు వెనక్కి ఎక్కి ఎగువ గేజిని పైకి లేపింది. మట్టం పెరిగింది గాని ప్రవాహం పెరగలేదు. తర్వాత రైతులే దిగి కలుపు కోశారు. తల షట్టరును ఎవరూ ముట్టుకోలేదు. గొంతులో నీరు మళ్ళీ దూకింది, గేజి 1.2 అడుగులకు దిగింది. అంటే పదిన్నర క్యూసెక్కుల చిల్లర. మధ్య రైతులు దొంగిలించారని నేను రాసిన నాలుగు క్యూసెక్కుల చిల్లర, సెకనుకు 120 లీటర్లకు పైగా నీరు, అసలు ఆ కాలువలోకి రానేలేదు.

ఇంతవరకూ తెలియనితనం అనుకుంటే అనుకోవచ్చు. తర్వాత చేసినదానికి ఆ పేరు చెల్లదు. పైకి ఇంకో నివేదిక పంపాను: కలుపు తీయించడమైనది, ప్రవాహం మెరుగుపడినది. అందులో ప్రతి ముక్కా నిజమే. మధ్య తూముల రైతులు నీళ్ళు తీయలేదన్న మాట మాత్రం అందులో రాయలేదు.