ఐదు రీళ్ల బతుకు

నేనొక సినిమా ప్రింటుని. నా వెడల్పు 35 మిల్లీమీటర్లు, పొడవు రెండున్నర కిలోమీటర్ల పైమాటే. ఐదు రీళ్లకు చుట్టి ఇనప పెట్టెల్లో సర్దితే అదే నా ఒళ్లు. పేరు ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’. చచ్చినవాళ్లు లేచొచ్చి బతికున్నవాళ్లను తినే కథ, నలుపు తెలుపుల్లో తీసింది. సెకనుకి 24 చొప్పున 96 నిమిషాల పాటు లక్షా ముప్ఫై ఎనిమిది వేలకు పైగా బొమ్మలు దీపం ముందు ఆగి ఆగి దాటితే ఒక ఆట పూర్తవుతుంది. అందులో ఏ బొమ్మ పక్క చిల్లు చిరిగిందో, ఎక్కడ అతుకు పడిందో నాకు తెలుసు.

పుట్టుక గురించి ఎక్కువ చెప్పను. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో వ్యాపార ప్రకటనలు తీసుకుని బతికే జార్జ్ రొమేరో, అతని స్నేహితులు తలా కొంత వేసుకుని, సుమారు 1,14,000 డాలర్లతో మా సినిమా తీశారు. ఎవాన్స్ సిటీ శ్మశానం, ఆ చుట్టుపక్కల ఒక పాత ఇల్లు, నెత్తురు బదులు చాక్లెట్ పాకం. అంతే పెట్టుబడి. 1968 అక్టోబరు 1న పిట్స్‌బర్గ్ ఫుల్టన్ థియేటర్‌లో మొదటి ఆట పడింది.

అసలు దెబ్బ అంతకుముందే తగిలింది. మా సినిమాకి మొదట పెట్టిన పేరు ‘నైట్ ఆఫ్ ది ఫ్లెష్ ఈటర్స్’. దాదాపు అదే పేరుతో వేరే సినిమా ఉండటంతో విడుదలకు ముందు పేరు మార్చారు. కాపీరైటు ప్రకటన ఆ పాత టైటిల్ కార్డు మీదే ఉండేది. కొత్త కార్డు వేసినప్పుడు ఆ ఒక్క వాక్యం మళ్లీ రాయలేదు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం ఆ వాక్యం లేకుండా బయటికొచ్చిన సినిమా మీద ఎవరికీ హక్కు మిగలదు. ఎవరైనా నకళ్లు తీయొచ్చు, టీవీలో వేయొచ్చు, క్యాసెట్లు అమ్మొచ్చు. అన్నీ చేశారు. 1986లో రంగులు కూడా పులిమారు. కన్నవాళ్లకు దక్కాల్సిన డబ్బు దక్కలేదు. ఊరుమ్మడి చెరువులో అందరూ నీళ్లు తోడుకున్నారు, పూడిక తీసే బాధ్యత మాత్రం ఎవరిదీ కాలేదు. నా బాధలన్నిటికీ మూలం అక్కడే ఉంది.

మొదటి రోజుల్లో నన్ను పిల్లల ఆటలకు కూడా వేసేవారు. ఏ వయసువాళ్లు ఏ సినిమా చూడొచ్చో చెప్పే రేటింగు పద్ధతి అమెరికాలో 1968 నవంబరులోగానీ రాలేదు. శనివారం మధ్యాహ్నం పిల్లల్ని హాలు దగ్గర దింపి పెద్దలు బజారుకు వెళ్లిపోయేవారు. అరిచి, నవ్వి, ఇంటికెళ్లి మరిచిపోయే భయం కోసం వచ్చిన పిల్లలు వాళ్లు. నేను చూపించేది ఆ రకం భయం కాదు. అలాంటి ఒక ఆటలో ఏడుస్తూ కూర్చున్న పిల్లల గురించి షికాగో విమర్శకుడు రోజర్ ఈబర్ట్ రాసింది చాలామంది చదివారు. ఆ ఏడుపులు తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే. నన్ను ఎవరికి చూపించాలో ఆలోచించాల్సింది పెద్దవాళ్లు. వాళ్లు ఆలోచించలేదు.

నన్ను వెతుక్కుంటూ వచ్చే జనం అర్ధరాత్రి ఆటల్లో దొరికారు. 1970 డిసెంబరులో న్యూయార్క్ ఎల్గిన్ థియేటర్ ‘ఎల్ టోపో’ అనే సినిమాని అర్ధరాత్రి ఆటగా వేయడం మొదలుపెట్టాక ఆ అలవాటు ఊరూరా పాకింది. ఒకసారి చూసినవాళ్లే స్నేహితుల్ని వెంటబెట్టుకుని మళ్లీ వచ్చేవారు. డైలాగులు నోటికొచ్చినవాళ్లు నాకంటే ముందే పలికేవారు. కానీ ఐదో రీలు దగ్గర వాళ్లు కూడా నోరు మెదిపేవారు కాదు.

ఆ రీలు గురించి చెప్పాలి. బెన్ పాత్ర వేసిన డ్వేన్ జోన్స్ నల్లజాతి నటుడు. తెల్లవాళ్లు నిండిన ఇంట్లో అతనే ముందు నిలబడి తలుపులకు చెక్కలు కొడతాడు, నిర్ణయాలు చేస్తాడు. 1968లో అలాంటి పాత్ర అరుదు. రాత్రంతా శవాలతో పోరాడి బతికి బయటపడ్డ మనిషిని, తెల్లవారాక, కాపాడటానికొచ్చిన తుపాకుల గుంపే దూరం నుంచి కాల్చేస్తుంది. ఆ తర్వాత కదలిక ఉండదు. గరుకు గరుకు ఫొటోలు, మాంసం వేలాడదీసే కొక్కేలు, మంట. పూర్తయిన సినిమాను కారులో వేసుకుని న్యూయార్క్ వెళుతున్న రాత్రే మార్టిన్ లూథర్ కింగ్ హత్య వార్త రేడియోలో విన్నామని రొమేరో చెప్పేవాడు. నా దగ్గరున్న ఐదు రీళ్లలో నాకు గర్వమనిపించేది ఆ చివరిదే.

దానికే ఎక్కువ గాయాలు.

రీలు ముగిసే ముందు తెర కుడి పైమూలలో చుక్క మెరుస్తుంది. అది చూసి ఆపరేటరు రెండో మెషిన్ మోటారు వేయాలి. ఏడెనిమిది సెకన్లకు ఇంకో చుక్క వస్తుంది, అప్పుడు బొమ్మ ఈ మెషిన్ నుంచి ఆ మెషిన్‌కి మారాలి. తెలుగునాట రెండు మెషిన్ల హాళ్లలో పనిచేసినవాళ్లకీ ఈ చుక్కలు బాగా తెలుసు. ల్యాబులో వేసిన చుక్కలు సరిపోవన్నట్టు కొందరు నా మీద మేకుతో గీతలు గీశారు. తెర మీద అవి పిడుగుల్లా పడేవి. కొందరు తమకు నచ్చిన బొమ్మలు కత్తిరించి జేబులో వేసుకుపోయారు. శ్మశానం ఘట్టంలో బార్బ్రా అనే పాత్ర ఉలిక్కిపడే చోట కొన్ని బొమ్మలు లేవు. అక్కడ మాట తెగుతుంది. తర్వాత పెద్ద పళ్లేలాంటి ప్లాటర్లు వచ్చాయి. రీళ్లన్నీ కలిపి అతికి ఒకే చుట్టగా పరిచేవారు, ఆటలన్నీ అయ్యాక మళ్లీ విడగొట్టేవారు. కలిపినప్పుడు ఒక ముక్క, విడగొట్టినప్పుడు ఒక ముక్క పోయేది. తిరిగి ఇచ్చేటప్పుడు లెక్క చూసేవాళ్లు లేరు. ఎవరి సొత్తని చూస్తారు?

పశ్చిమ పెన్సిల్వేనియాలో ఒక చిన్న ఊరి థియేటరు నా చివరి మజిలీ అయింది. వారం ఆడాక నన్ను తిప్పి పంపడానికయ్యే ఖర్చు దండగనుకుని వేదిక కింద బాయిలర్ గదిలో పెట్టారు. చలికాలం ఆ గది కొలిమి, వేసవిలో చెమ్మ. పెట్టెల మీద పోస్టర్లు, పోస్టర్ల మీద విరిగిన కుర్చీలు. పైన హాల్లో సినిమాలు ఆడుతూనే ఉండేవి. పాటలు వినిపించేవి, చప్పట్లు వినిపించేవి. కిందికి మాత్రం ఎవరూ దిగేవారు కాదు.

అసిటేట్ ఫిల్ముకు వేడి, చెమ్మ కలిస్తే ఒక జబ్బు పట్టుకుంటుంది. లోపలే ఆమ్లం పుడుతుంది, పుట్టిన ఆమ్లమే జబ్బును ఇంకా తొందరపెడుతుంది. మూత తీస్తే వెనిగర్ వాసన. ఫిల్ము కుంచించుకుపోతుంది, వంకర్లు తిరుగుతుంది, పెళుసెక్కుతుంది. పక్కనున్న రీళ్లకూ అంటుకుంటుంది. చల్లగా, పొడిగా ఉంచితే నెమ్మదిస్తుందేగాని వెనక్కి పోదు. నాకు అది మొదట రెండో రీలులో మొదలైంది. ఒక్క విషయంలో అదృష్టవంతురాలిని. నా వయసు రంగుల ప్రింట్లు చాలావరకు వెలిసి ఎర్రబారిపోయాయి. నాది వెండి రేణువుల బొమ్మ. నాలోని నలుపు ఇంకా నలుపే.

డిజిటల్ వచ్చింది. 2014 మొదట్లో పారమౌంట్ స్టూడియో అమెరికాలో ఫిల్ము ప్రింట్లు ఇవ్వడం మానేసిందన్న వార్త వచ్చేనాటికే ఆ ఊరి హాలు మూతపడే స్థితిలో ఉంది. పాత సామాను చెత్తబండికెక్కించారు. రెండు పాత మెషిన్లు మోయలేనంత బరువని పై గదిలోనే వదిలేశారు. నా పెట్టెలు కుర్చీల కింద ఉండి కంటపడలేదు.

హాలును మళ్లీ తెరవాలని ఊరివాళ్లు చందాలు వేసుకున్నప్పుడు, లైబ్రరీలో పనిచేసే ఒక అమ్మాయి హాలోవీన్‌కి ఒకే టికెట్టు మీద రెండు భయం సినిమాలు వేద్దామంది. 1930ల ఆర్థిక మాంద్యం రోజుల్లో జనాన్ని హాళ్లకు రప్పించడానికి అమెరికాలో బలపడిన అలవాటది. 1938లో లాస్ ఏంజెలెస్ రెజీనా థియేటర్ పాత ‘డ్రాక్యులా’, ‘ఫ్రాంకెన్‌స్టైన్’ కలిపి వేస్తే జనం విరగబడ్డారు. అది చూసి యూనివర్సల్ స్టూడియో ఆ జంటను దేశమంతా తిప్పింది, కొత్త భయం సినిమా తీయడానికీ పూనుకుంది. పాత ప్రింట్లకు ఆ శక్తి ఉందని ఆ అమ్మాయి నమ్మింది. బాయిలర్ గదిలో నా పెట్టెలు దొరికాక, రిటైరైన ఆపరేటరును పిలిపించింది.

“ఇది నడుస్తుందా సార్?” అని అడిగింది.

“నడిచే మాట తర్వాత. ముందు వాసన చూడనివ్వమ్మా,” అన్నాడాయన.

ఆయన నన్ను బల్ల మీద చేత్తో చుట్టాడు, నూలు తొడుగుల వేళ్లు నా అంచుల వెంట నడిపిస్తూ. చిరిగిన ప్రతి చిల్లు దగ్గరా ఆగి అతుకు వేశాడు. ఎంత కుంచించుకుపోయానో కొలిచాడు. హద్దు దాటితే మెషిన్ పళ్లు చిల్లుల్లో సరిగా కూర్చోవు, రీలంతా చీరుకుపోతుంది. రెండో రీలు దగ్గర చాలాసేపు ఆలోచించి, “ఒక్క ఆట తట్టుకుంటుంది” అన్నాడు. ఇన్నేళ్లలో నన్ను అంత ఓపికగా ముట్టుకున్న చేతులు అవే.

ఆ రాత్రి నాకు జంట ‘కార్నివాల్ ఆఫ్ సోల్స్’, 1962 నాటిది. కాన్సాస్‌లోని లారెన్స్‌లో పాఠశాలలకు, పరిశ్రమలకు చిన్న చిత్రాలు తీసే హెర్క్ హార్వీ, యూటాలో ఉప్పు సరస్సు ఒడ్డున పాడుబడ్డ సాల్టెయిర్ భవనాన్ని చూసి ఊహించిన కథ. తెల్లటి మొహంతో వెంటాడే మనిషి వేషం ఆయనే వేశాడు. దానికీ హక్కుదారు లేకుండా పోయాడు. ఒక సేకర్త దాచుకున్న ప్రింటు అది. పేరున్నదాన్నే ముందు వేద్దామంది అమ్మాయి. ఆపరేటరు ఒప్పుకోలేదు. “దీని ఆఖరి రీలు చూశాక ఇంకో బొమ్మ చూడాలనిపించదు” అన్నాడు. ఆ మాట నిజం.

ఆమె వేదికెక్కి కథ చెప్పలేదు. చిన్నపిల్లల్ని తెచ్చినవాళ్లు విరామంలో ఇంటికి తీసుకెళ్లండని మాత్రం గట్టిగా చెప్పింది. ఆ ప్రాంతపు టీవీలో ‘చిల్లర్ థియేటర్’ పేరుతో భయం సినిమాలు పరిచయం చేసిన బిల్ కార్డిల్‌ను గుర్తుచేసి, నాలో విలేకరిగా కనిపించేది ఆయనేనంది. ముసలివాళ్లు ఈలలు వేశారు. తర్వాత దీపాలారాయి. ఆపరేటరు ప్రతి చుక్కనూ పట్టుకున్నాడు, ఒక్క మార్పులోనూ తెర ఖాళీగా మెరవలేదు. రెండో రీలు వణికింది గాని తెగలేదు. ఐదో రీలు దగ్గర హాలు ఎప్పట్లాగే మౌనంగా ఉండిపోయింది.

మా సినిమాను 1999లో అమెరికా జాతీయ ఫిల్ము పట్టికలో చేర్చారు. 2016లో న్యూయార్క్ ఆధునిక కళల మ్యూజియం, ఫిల్మ్ ఫౌండేషన్ కలిసి అసలు కెమెరా నెగటివ్ నుంచి పునరుద్ధరించాయి. కథ బతికింది, సంతోషమే. కానీ అంతవరకు దాన్ని మోసింది నాలాంటి దెబ్బతిన్న ప్రింట్లు, వాటిని చిన్న ఊళ్లలో వేసినవాళ్లు. చట్టం ఇవ్వని యజమానిని ఆ రాత్రి బల్ల ముందు కూర్చున్న ముసలాయన రూపంలో చూశాను. ప్రింటును శ్రద్ధగా చూసి ఆడించినవాళ్లే దానికి యజమానులు.

తెలుగు పాఠకులకు ఒక విన్నపం. మీ మొదటి టాకీ ‘భక్త ప్రహ్లాద’, హెచ్.ఎం. రెడ్డి తీసిన 1932 నాటి సినిమా, ఈ రోజు చూద్దామంటే దొరకదు. వెండి కోసం కరిగించిన ప్రింట్లు, చెమ్మకు కుళ్లిన ప్రింట్లు మీ దేశంలోనూ లెక్కలేనన్ని. మీ ఊళ్లో తాళం పడ్డ హాలు, కల్యాణ మండపం అవుతున్న హాలు ఉంటే ఆపరేటరు గదిలోకి, మెట్ల కిందికి ఒకసారి తొంగి చూడండి. ఇనప పెట్టెలు కనిపిస్తే తూకానికి అమ్మకండి. ఎండలో పెట్టకండి, మెషిన్‌కి ఎక్కించకండి. పొడిగా, చల్లగా ఉండే గదిలోకి మార్చి, పుణేలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కు కబురు పెట్టండి.