ఒక గోడ పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

మా ఊరి కళ్యాణ మండపంలో స్టేజీ వెనక, స్విచ్ బోర్డు పక్కన, నల్ల మార్కరుతో రాసిన ఆటవెలది ఒకటి ఉంది. కవి ఎవరో తెలియదు. ఎలక్ట్రీషియన్ అని లోకప్రతీతి. కాదు, పెళ్లిళ్లకు వీడియో తీసే కుర్రాడని వంటవాళ్ల సంప్రదాయం. నేను ముప్ఫయ్యేళ్లు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యాను. యతి సరిపోయిన పద్యం గోడ మీద కనిపిస్తే టీకా రాయకుండా ఇంటికి పోలేను.

మూలం

పెట్టె రెండు కొనుము పేరుచూసి కలుపు
ఎనిమిదింటి వరుస యెంచి నొక్కు
నడుమ నెవరి పొత్తు నాశించరాదిలన్
దృశ్యరవము పారు తీగ వెంట

కాలనిర్ణయం

పద్యంలో 4కే ప్రస్తావన లేదు కాబట్టి ప్రాచీనమని ఒక వాదం. అది నిలవదు. హెచ్‌డీఎంఐ అనే తీగమూతి లోకంలోకి వచ్చిందే 2002 డిసెంబరులో. దాని బొమ్మను మోసుకుపోయే పెట్టెలు మొదట్లో చాలావాటికి రెండేసి తీగలు లాగించుకునేవి. ఎల్‌జీ, శాంసంగ్, సోనీ పిక్చర్స్, వాలెన్స్ కలిసి హెచ్‌డీబేస్‌టీ కూటమి కట్టింది 2010లో. బొమ్మ, ధ్వని ఒకే తీగ మీద వంద మీటర్ల దాకా పోవడమనే ముచ్చట ఆ తర్వాతనే ఊళ్లకు దిగింది. నాలుగో పాదంలో 'తీగ' ఏకవచనం. కనుక కవి 2010కి ముందువాడు కాడు. మార్కరు రంగు ఇంకా వెలవలేదు కనక మరీ పాతవాడూ కాడు.

సందర్భం

పెళ్లి పై అంతస్తులో, పంక్తి కింద. తాళి కట్టే వేళకు ఊళ్లో సగం మంది పులిహోర దగ్గర ఉంటారు. తప్పని నేననను, నేనూ అక్కడే ఉంటాను. వాళ్లకు కూడా ముహూర్తం చూపించాలని యజమాని భోజనాల హాల్లో పెద్ద టీవీ పెట్టించాడు. స్టేజీ దగ్గరి వీడియో మిక్సర్ నుంచి టీవీ దాకా, మెట్లూ గోడలూ చుట్టుకుంటూ, తీగ దారి 45 మీటర్లు. హెచ్‌డీఎంఐ తీగ ఇంత పొడవే ఉండాలని దాని ప్రమాణ గ్రంథం ఎక్కడా గీత గీయలేదు. అయినా మామూలు రాగితీగ పది పదిహేను మీటర్లు దాటితే 1080పీ బొమ్మలో మెరుపు చుక్కలు మొదలవుతాయి, ఆపైన తెర నల్లబడుతుంది. 4కే అయితే ఆ కష్టం ఇంకా ముందే వస్తుంది. పద్యం పుట్టింది ఈ కష్టంలోంచి.

ప్రతిపదార్థం

పెట్టె రెండు: వ్యాకరణం ప్రకారం పెట్టెలు రెండు అనాలి. కవి ఏకవచనం వాడింది చేతకాక కాదు. ఒకటి పంపేది, ఒకటి అందుకునేది. విడిగా ఏదీ దేనికీ పనికిరాదు. వేరే జతలోంచి ఒకదాన్ని అరువు తెచ్చి కలిపితే చాలాసార్లు ఒకదానితో ఒకటి పలకవు. రెండూ కలిస్తేనే ఒక పెట్టె అని భావం.

కొనుము: అర్థం స్పష్టం. ఎవరి డబ్బుతో అన్నది కవి చెప్పలేదు.

పేరుచూసి: పెట్టె మీద టీఎక్స్ అని ఉంటే అది మిక్సర్ దగ్గర, ఆర్ఎక్స్ అని ఉంటే టీవీ దగ్గర. రెండూ ఒకే కొలత, ఒకే రంగు, ఒకే బరువు. అక్షరాలు మాత్రం ఆవగింజంత. తారుమారు చేసుకుని గంటసేపు తీగను తిట్టినవాళ్లను నేనెరుగుదును.

కలుపు: క్రియాపదం. చేలో కలుపు అని నామవాచకంగా తీసుకునే పక్షం కూడా ఉంది. మా మండపం టీవీ వెనక తీగల గుంపు చూసినవాళ్లు ఆ పక్షాన్ని తోసిపుచ్చలేరు.

ఎనిమిదింటి: రెండు పెట్టెలనూ కలిపే క్యాట్ సిక్స్ అనే నెట్‌వర్క్ తీగ తొక్క ఒలిస్తే లోపల ఎనిమిది సన్న తీగలు. హెచ్‌డీఎంఐ మూతిలో పిన్నులు 19. పంతొమ్మిది మంది మోసే పల్లకీని ఎనిమిది మంది ఎత్తుకుంటున్నారన్నమాట. ఎలా ఎత్తుకుంటున్నారంటే, ఆ ఎనిమిదీ ఎనిమిది కాదు, నాలుగు జంటలు. ఒక్కో జంట ఒకదాన్నొకటి పెనవేసుకుని ఉంటుంది. ఒకదానిలో సంకేతం, రెండోదానిలో దాని వ్యతిరేకం నడుస్తాయి. దారిలో గ్రైండరో లిఫ్టు మోటారో రొద చేస్తే అది ఇద్దరి మీదా సమంగా పడుతుంది. అవతల పెట్టె ఒకదాంట్లోంచి ఒకటి తీసివేస్తుంది. రొద రద్దయిపోతుంది, మాట మిగులుతుంది. ఈ పెనవేత టెలిఫోను కనిపెట్టిన బెల్ గారిది, 1881 నాటి పేటెంటు. భార్యాభర్తల్లో ఒకరు అవునంటే ఒకరు కాదనడం సంసారానికి చేటని మా అత్తగారు అనేవారు. తీగల సంసారం మాత్రం అలాగే నిలబడింది.

వరుస: పద్యానికి ఇది ఆయువుపట్టు, ఇక్కడ కాస్త ఆగాలి. మా పనివాళ్లు 'ఆరెంజి వైటు, ఆరెంజి, గ్రీను వైటు, బ్లూ, బ్లూ వైటు, గ్రీను, బ్రౌను వైటు, బ్రౌను' అని అష్టాక్షరిలా జపిస్తారు. ప్రమాణాల్లో దాని పేరు టీ568బీ. జపం మధ్యలో ఒక వింత ఉంది, గమనించండి. ఆకుపచ్చ దంపతులు మూడో పీట మీద ఒకరు, ఆరో పీట మీద ఒకరు కూచున్నారు. నడుమ నీలం జంట. ఇదేం మర్యాద అంటే, టెలిఫోను కాలం నాటి మర్యాద. అప్పట్లో మధ్య రెండు పీటలూ మొదటి ఫోను లైనువి, వాటికి అటూ ఇటూ ఉన్నవి రెండో లైనువి. ఫోన్లు పోయినా పీటలు మారలేదు.

ఇది తెలియని బుద్ధిమంతుడు ఏం చేస్తాడు? జంటలను పక్కపక్కనే కూచోబెడతాడు. ఆరెంజి జంట, గ్రీను జంట, బ్లూ జంట, బ్రౌను జంట. చూడముచ్చటగా ఉంటుంది. రెండు చివర్లా అలాగే చేస్తాడు. టెస్టరు పెడితే ఒకటి నుంచి ఎనిమిది దాకా దీపాలు వరసగా వెలుగుతాయి. వెలగవా మరి, ఏ తీగా తెగలేదు కదా! కానీ మూడు, ఆరు పీటల మీద ఒకే జంట కూచుంటుందని పెట్టె నమ్మకం. ఇప్పుడక్కడ కూచున్నది ఇద్దరు పరాయివాళ్లు, ఒకరికొకరు పెనవేసుకోనివాళ్లు. వాళ్ల మీద పడే రొద సమంగా పడదు, కనక రద్దు కాదు. టెస్టరు బాగుందంటుంది, టీవీ ఏమీ లేదంటుంది. 'రెండు చివర్లా ఒకటే ఉంటే చాలు, ఏ వరసైతేనేం' అన్న సామెత మా ఊళ్లో ఎన్ని ప్లగ్గులు పారేయించిందో లెక్క లేదు.

యెంచి: లెక్కపెట్టి. చూపుడువేలితో అని అధ్యాహారం. కళ్లజోడుతో అని నా చేర్పు.

నొక్కు: ప్లగ్గులో తీగలు దూర్చి క్రింపింగ్ ప్లయరుతో బిగించు. శ్లేష ఉంది: తీగ కొనమని ఇచ్చిన డబ్బు నొక్కేయడమనే రెండో అర్థాన్ని యజమాని వెంటనే పట్టుకున్నాడు, కవి ఉద్దేశించాడో లేదో. నొక్కడంలో మెలకువ ఏమిటంటే, జంటల పెనవేత విప్పేది 13 మిల్లీమీటర్లు మించకూడదు. సులువు కోసం రెండంగుళాలు విప్పి, దువ్వి, జడ వేసినట్టు సర్దేవాళ్లున్నారు. ఆ రెండంగుళాల్లో బెల్ గారి పుణ్యమంతా పోతుంది. ఇంకొకటి: బయటి తొక్క కూడా ప్లగ్గు లోపలికి పోయి నొక్కు కింద పడాలి. లేకపోతే బల్ల కింద ఎవరి కాలైనా తగిలిన రోజు ఊడుతుంది.

నడుమన్: పంపే పెట్టెకూ అందుకునే పెట్టెకూ మధ్య.

ఎవరి పొత్తున్: ఎవరి సాయమూ. నెట్‌వర్క్ స్విచ్ అని వ్యంగ్యం.

ఆశించరాదు: పనివాళ్లలో 'పొత్తు నాశించరాదు' అని విరిచి, పొత్తు చెడకూడదని చెప్పేవాళ్లున్నారు. 'నాశించు' అని క్రియ లేదు. అయినా పొత్తు పెట్టుకుంటే జరిగేది నాశనమే కాబట్టి ఆ విరుపును క్షమించాను.

ఇలన్: భూమి యందు. గణం నింపడానికి వేసిన మాట అని నా అభిప్రాయం. ఎర్తింగు అని ఎలక్ట్రీషియన్ అభిప్రాయం. వాదించి లాభం లేకపోయింది.

దృశ్యరవము: దృశ్యమూ రవమూ, ద్వంద్వ సమాసం.

తీగ: రాగిది. ఈ మాట కవి చెప్పకపోవడం లోపమే. బజారులో చవగ్గా దొరికే తీగను బ్లేడుతో గీరి చూడండి. లోపల వెండిలా తెల్లగా మెరిస్తే అది రాగిపూత పూసిన అల్యూమినియం. విద్యుత్తును నడిపించడంలో అల్యూమినియం శక్తి రాగిలో దాదాపు 61 శాతమే. పైగా నాలుగుసార్లు వంచితే విరుగుతుంది. పెళ్లివారింట గిల్టు నగ. రెండు మీటర్లకు సరిపెట్టుకోవచ్చు, 45 మీటర్లకు వద్దు.

తాత్పర్యం

పెట్టెలు కొని, పేర్లు చూసి, తీగను వరసగా బిగించి, నేరుగా కలిపితే బొమ్మా ధ్వనీ వస్తాయి.

అలంకారం

మూడో పాదంలో భ్రాంతిమదలంకారం. పోలిక వల్ల ఒకదాన్ని చూసి మరొకటనుకోవడం దీని లక్షణం. తీగ నెట్‌వర్క్ తీగే, ప్లగ్గు నెట్‌వర్క్ ప్లగ్గే. అందులో పారేది మాత్రం నెట్‌వర్క్ కాదు. స్విచ్ పోస్టుమాన్ లాంటిది. పొట్లం మీద చిరునామా చదివి పంచుతుంది. హెచ్‌డీబేస్‌టీ పెట్టెలు పంపేది స్విచ్ చదవగల పొట్లాలు కాదు, తమ సొంత భాషలో ఎడతెగని ప్రవాహం. దాన్ని పోస్టుమాన్ సంచీలో పోస్తే ఏమవుతుంది?

పోయిన మాఘమాసంలో ఇది కళ్లారా చూశాం. కొత్తగా వచ్చిన కుర్రాడికి తీగ చాల్లేదు. ఆఫీసు గదిలో ఇంటర్నెట్ స్విచ్ కనిపించింది. స్టేజీ తీగ దాంట్లో గుచ్చాడు, దాంట్లోంచి ఇంకో తీగ భోజనాల హాలుకు లాగాడు. జీలకర్ర బెల్లం వేళకు టీవీలో నీలం తెర. "ఏవర్రా, కరెంటు పోయిందా?" అంది పంక్తిలో ఒక ముసలమ్మ. "ఫ్యాను తిరుగుతోంది కదమ్మా" అన్నారెవరో. "మరి పెళ్లికూతురేదీ?" కుర్రాడు పెట్టెలు మార్చాడు, అడాప్టర్లు మార్చాడు, చివరికి టీవీ మార్చమన్నాడు. నేను అతణ్ణి చెయ్యి పట్టుకుని స్టేజీ వెనక్కి తీసుకుపోయి మూడో పాదం చదివించాను. ఆఫీసు గదిలోని రెండు చివర్లనూ స్విచ్‌లోంచి పీకి, జాయినరుతో నేరుగా కలిపాడు. తలంబ్రాలకు బొమ్మ వచ్చింది. నడుమ జాయింటు ఉండటం ఉత్తమం కాదు, ఆ రోజుకు ఆపద్ధర్మం. మర్నాడు ఒకే తీగ లాగించారు. స్విచ్ బతికింది, అదృష్టం. కొన్ని పెట్టెలు ఒకే అడాప్టరు మీద నడవడానికి ఆ తీగలోనే కరెంటు కూడా పంపుతాయి. అలాంటిదైతే స్విచ్ కాలిపోయినా ఆశ్చర్యం లేదు.

శంక, సమాధానం

'స్విచ్ గుండా పోయే పెట్టెలు నేను చూశాను, మీ కవి తప్పు' అని ఒకాయన పూర్వపక్షం. నిజమే, ఉన్నాయి. డబ్బా మీద 'ఓవర్ ఐపీ' అని రాసి ఉంటుంది. అవి బొమ్మను కుదించి, పొట్లాలు కట్టి, చిరునామా రాసి పంపుతాయి. అది వేరే శాఖ. వాటికీ రెండు పేచీలున్నాయి. కుదించి విప్పేసరికి ఆలస్యం అవుతుంది. పైన గట్టిమేళం మెట్ల మీదుగా కిందికి వినిపించేస్తుంది, తెర మీద వరుడు ఇంకా తాళి చేతిలోకి తీసుకుంటుంటాడు. పంక్తిలోవాళ్లు అక్షతలు ఎప్పుడు వేయాలో తేల్చుకోలేరు. రెండోది, చాలా పెట్టెలు ఆ పొట్లాలను ఊరందరికీ దండోరా వేసినట్టు పంచుతాయి. ఐజీఎంపీ స్నూపింగ్ ఉన్న స్విచ్ అయితే అడిగినవాడికే ఇస్తుంది. లేకపోతే మండపంలో సీసీ కెమెరాలు, వైఫై అన్నీ ఆ దండోరాలో మునుగుతాయి. మా కవిది నేరు తీగ సంప్రదాయం. నా ఓటూ దానికే.

విశేషాలు

'పారు' అనడంలో నీళ్లలా ఒకవైపే పోతుందన్న ధ్వని ఉంది. కవి అక్కడ కొంచెం తొందరపడ్డాడు. టీవీ నుంచి వెనక్కి కూడా మాట పోవాలి. ప్రతి టీవీ దగ్గరా ఈడీఐడీ అనే జాతకం ఉంటుంది, కనీసం 128 బైట్లది. నా తెర కొలత ఇంత, నేను చూపగల బొమ్మలివి, నాకు తెలిసిన ధ్వనులివి అని. అది ముందుగా అందితేనే మిక్సర్ తగిన బొమ్మ పంపుతుంది. అందుకని మొదట టీవీ, తర్వాత పెట్టెలు, ఆఖరున మిక్సర్ వేయడం మా మండపం ఆచారం. తలకిందులుగా వేసి బొమ్మ రాకపోతే, ఒకసారి అన్నీ ఆర్పి ఈ వరసలో వేసి చూడండి. సగం రోగాలు ఇక్కడే పోతాయి.

మిక్సర్ బదులు సెట్‌టాప్ బాక్సు కలిపితే ఇంకో చిక్కు. క్రికెట్ ఫైనలూ పెళ్లీ ఒకే రోజు పడ్డప్పుడు మగపెళ్లివారు అడిగారు. సెట్‌టాప్ బాక్సు హెచ్‌డీసీపీ అనే గుర్తు అడుగుతుంది. దారిలో ప్రతి పెట్టే, చివర టీవీ ఆ గుర్తు చూపించాలి. ఉంగరం చూపిస్తే తప్ప శకుంతలను గుర్తుపట్టని దుష్యంతుడి వంశం అది. పాత పెట్టెలకు పాత ఉంగరమే ఉంటుంది, 4కే ప్రసారం దాన్ని ఒప్పుకోదు. ఆ రోజు పెట్టె ఒప్పుకుంది. మ్యాచి వచ్చింది. పెళ్లి ఎవరూ చూడలేదు.

పద్యం కింద అదే చేతిరాతతో ఇంకొక పంక్తి ఉంది. 'అడాప్టరు పెట్టడానికి ఫ్రిజ్ ప్లగ్గు తీయొద్దు, పాలు విరుగుతాయి.' ఇది వచనం. వ్యాఖ్య అక్కర్లేదు.