రెండో బ్రూనో

మాది నెల్లూరు నుంచి మైపాడు బీచికి పోయే దోవలో ఒక ఊరు. రొయ్యల గుంటల మీద బతుకుతున్న మనిషిని. చుట్టుపక్కల ఎవరి గుంటలో రొయ్య నలతగా గట్టుకు చేరినా ముందు నాకే ఫోను. అర్ధరాత్రి లేపి అడిగినా రొయ్య జబ్బుల గురించి తెల్లారేదాకా చెప్పగలను. అడగనివాళ్లకు కూడా చెబుతుంటాను. ఈ గొప్ప ముందే ఎందుకు చెప్పుకుంటున్నానంటే, మా ఇంట్లో జరిగినదంతా ఈ గొప్ప పక్కనే జరిగింది. మీకూ ఏదో ఒక విద్యలో చెయ్యి తిరిగే ఉంటుంది, ఆ విద్య ఇంటి గడప దగ్గరే ఆగిపోయిన రోజూ ఉండే ఉంటుంది. ఆ ధైర్యంతోనే చెబుతున్నాను.

మా పాప మూడో తరగతిలో ఉండగా కుక్కపిల్ల కావాలంది. గుంటల గట్ల మీద కాపలాకు తిరిగే నాటు కుక్క అప్పుడే ఈని ఉంది, ఆ పిల్లల్లో ఒకటి చాలంది. నాకది నామోషీ అనిపించింది. మద్రాసు పోయి లాబ్రడార్ పిల్లను కొనుక్కొచ్చాను. పేరు బ్రూనో అని పాపే పెట్టింది. గుంటల దగ్గర్నుంచి నేను ఇంటికి రాగానే బ్రూనో నా పాదాల మీద ఆరిపోయిన ఉప్పును వేలూ వేలూ సందుల్లోంచి నాకేది. ఒక కాలు అయ్యాక రెండో కాలు చాపమని మూతితో తోసేది. అది అయ్యేదాకా నేను స్నానానికి లేవకూడదు, ఇంట్లో అదే చట్టం.

అమ్మినతను ఇచ్చిన కార్డులో ఒక టీకా వేసినట్టు ముద్ర ఉంది. తర్వాతివి ఎప్పుడు వేయించాలో తేదీలు కూడా రాసి ఉన్నాయి. పట్టుబడి రోజులు, ఐసు లారీలు, రేటు కోసం బేరాలు. ఒకటి పడిందిగా, మిగతావి తర్వాత చూద్దాంలే అనుకున్నాను. తల్లి నుంచి వచ్చిన రక్షణ ఒంట్లో ఉన్నంతకాలం టీకాను సరిగా పట్టనివ్వదనీ, ఆ రక్షణ ఒక్కో పిల్లలో ఒక్కో వయసులో తగ్గుతుందనీ, అందుకే 6 - 8 వారాల వయసులో మొదలుపెట్టి 16 వారాలు నిండేదాకా కొన్ని వారాలకోసారి వేస్తూ పోతారనీ తర్వాత తెలుసుకున్నాను. కార్డు మాత్రం బీరువాలో భద్రంగా ఉంది.

ఒక పొద్దున బ్రూనో గిన్నెలో రాత్రి పెట్టిన పెరుగన్నం అట్టాగే ఉంది. చీమలు బారు కట్టి ఉన్నాయి. గుంటలో మేత వేసిన రెండు గంటలకు చెక్ ట్రే ఎత్తి చూస్తే, గుప్పెడు మేత మిగిలినా నాకు ఆ రోజు ముద్ద దిగదు. రొయ్య మేత వదిలిందంటే లోపల ఏదో మొదలైందని ఊరందరికీ చెప్పేది నేనే. అదే మనిషిని గిన్నె చూసి, "ఎండకు తినలేదులే" అన్నాను. సాయంత్రానికి వాంతులు. కడుపులో పురుగులేమోనని మందు పోశాను. మర్నాడు విరేచనంలో నెత్తురు. మజ్జిగ పట్టించాను. "అబ్బయా, నీ వైద్యం చాలుగానీ డాక్టరు దగ్గరికి తీసకపోరా" అని మా అమ్మ అంటూనే ఉంది. నెల్లూరు తీసుకుపోయి సెలైన్ ఎక్కించేసరికి ఆలస్యమైపోయింది. ఆ రాత్రే పోయింది.

దాన్ని చంపింది పార్వో. ఈ వైరస్ లోకానికి తెలిసింది 1978లో. అప్పట్నుంచి ఒకటి రెండేళ్లలోనే ప్రపంచమంతా చుట్టేసింది. పేగుల లోపలి పొరనూ, నెత్తుట్లో తెల్లకణాలనూ కలిపి దెబ్బతీస్తుంది. వైరస్‌ను నేరుగా చంపే మందు లేదు. ఒంట్లో నీరు పోకుండా సెలైన్ పెట్టి, వాంతులు ఆపి, వేరే జబ్బులు సోకకుండా చూస్తే చాలా పిల్లలు బతుకుతాయి. చూడకపోతే చాలావరకు పోతాయి. నేను పురుగుల మందుకూ మజ్జిగకూ ఖర్చు పెట్టేసిన కాలం అంత విలువైనది.

పాపకు ఎట్టా చెప్పాలి? ఇక్కడి నుంచి నా తెలివి పరుగులు పెట్టింది. బ్రూనోను గట్టు మీద సరుగుడు చెట్ల దగ్గర పూడ్చిపెట్టి ఇంటికొచ్చాను. ఆసుపత్రిలో ఉంది, తగ్గాక పంపిస్తారన్నాను. వరండా ఫినాయిల్‌తో కడిగాను. వాసన పోయింది, శుభ్రమైపోయింది అనుకున్నాను. మద్రాసు అతనికి ఫోన్ చేశాను. అదే రంగు, అదే వయసు పిల్ల ఉందా? ఉంది. వారం తిరక్కుండానే తెచ్చేశాను. "ఇదిగో బ్రూనో, తగ్గిపోయింది" అని పాప ఒళ్లో పెట్టాను. పాప దాని చెవి మడిచి చూసింది. "నాన్నా, బ్రూనోకి ఇక్కడ నల్ల మచ్చ ఉండాలి." మందులకు మచ్చ పోయిందన్నాను. "నా కేకకు రావట్లేదు." జబ్బు పడి మర్చిపోయిందన్నాను. "నీ కాళ్లు నాకట్లేదు." ఉప్పు తినొద్దని డాక్టరు చెప్పాడన్నాను! నా భార్య వంటింట్లోకి వెళ్లిపోయింది. అమ్మ నా మొహం వైపు చూడ్డం మానేసింది. నేను మాత్రం ఆ మచ్చ ఎట్టా పోయిందో ఇంకా వివరిస్తూనే ఉన్నాను.

ఆ పిల్ల కూడా గిన్నె వదిలేసింది. ఈసారి ఒక్క పూట కూడా ఆగకుండా పట్టుకుపోయాను. డాక్టరమ్మ దాన్ని చూస్తూ, "ఈ మధ్య మీ ఇంట్లో వేరే కుక్కపిల్ల ఏదైనా పోయిందా?" అని అడిగింది. పక్కన పాప ఉంది. అబద్ధం చెప్పడానికి నోరు తెరిచి, చెప్పలేక, పోయిందన్నాను. పాప ఏడవలేదు. తన చేతిలో ఉన్న నా చెయ్యి వదిలేసింది. పార్వో ఇంట్లో, మట్టిలో నెలల తరబడి బతుకుతుందనీ, నీడ పట్టున తడి మట్టిలో ఏడాది దాకా కూడా ఉంటుందనీ, ఫినాయిల్‌కు లొంగదనీ, బ్లీచింగే పనిచేస్తుందనీ డాక్టరమ్మ చెప్పింది. కాపాడాలని శాయశక్తులా చూశారు. రెండోదీ దక్కలేదు.

బ్లీచింగ్ అన్న మాట నన్ను ఇంకా వదల్లేదు. 1994లో తెల్లమచ్చ వైరస్ ఈ తీరంలో టైగర్ రొయ్యను తుడిచిపెట్టినప్పుడు నేను కుర్రవాణ్ని. మా నాన్న గట్టు మీద కూలబడిపోవడం చూశాను. తెల్లమచ్చ వచ్చిన గుంటలో నీళ్లకు బ్లీచింగ్ వేసి కొన్నాళ్లు నిలవబెట్టాలి, ఆ నీళ్లు పక్కవాడి మీదకు వదలకూడదు. అడుగు నెర్రెలిచ్చేదాకా ఎండబెట్టాలి, దున్నాలి, సున్నం చల్లాలి. పరీక్ష చేయించిన సీడ్ తప్ప వేయకూడదు. అన్నిటికన్నా ముందు తొందరపడకూడదు. ఈ పాఠం నేను ఎందరికి చెప్పానో! అప్పులు తీర్చాలని ఆత్రంగా వెంటనే సీడ్ వేసే రైతుల్ని గట్టు మీద నిలబెట్టి తిట్టాను. షెడ్డులో బ్లీచింగ్ బస్తాలు అటక దాకా ఉన్నాయి. ఇల్లు అక్కడికి కూతవేటు దూరం. అవేవీ చేయని ఇంట్లోకే రెండో పిల్లను వదిలాను.

మా అమ్మకు భారతం వినికిడి బాగా ఉంది. ఆ నెలలో ఒక రాత్రి, నన్ను తిట్టడానికి కాదు గానీ, చెప్పింది. అశ్వత్థామ అనే పేరు ఏనుగుకూ ఉంది, ద్రోణుడి కొడుక్కూ ఉంది. చచ్చింది ఏనుగు. ధర్మరాజు నోటి నుంచి ద్రోణుడికి వినబడింది కొడుకు చావు. ఆ మాటతో, నేలకు ఎడంగా నడిచే ధర్మరాజు రథం నేలకు దిగింది. నేనేమో అదే పేరుతో చచ్చినదాన్ని బతికించాను. అదే ధర్మరాజు చివర్లో, వెంట వచ్చిన కుక్క లేనిదే స్వర్గానికి రానని ఇంద్రుడి మొహాన చెప్పాడు. విరాటపర్వం నుంచి స్వర్గారోహణం దాకా 15 పర్వాలు తెలుగు చేసిన తిక్కన మా నెల్లూరు వాడు కాబట్టి ఈ రెండు కథలూ మాకు ఇంటి కథలే. దేవేంద్రుడి దగ్గర కుక్క గురించి నిజం మాట్లాడిన మనిషి కథ వింటూ పెరిగినవాణ్ని, మూడో తరగతి పిల్ల ఏడుపుకు భయపడ్డాను. నిజం అదే. బాధ పాపకు కలగకూడదని కాదు, పాప ఏడుస్తుంటే పక్కన కూర్చునే ధైర్యం నాకు లేదు. చాలామంది నాన్నలకు ఉండదనుకుంటాను. బొమ్మ పగిలితే కొత్త బొమ్మ, కుక్క పోతే కొత్త కుక్క.

ఊళ్లో ఒకరిద్దరు "కుక్క కోసం ఇంతేంది రెడ్డీ" అన్నారు. ఇంట్లో పిల్లి పోతే ఈజిప్టు వాళ్లు కనుబొమ్మలు గొరిగించుకునేవారనీ, కుక్క పోతే తలా ఒళ్లూ మొత్తం గొరిగించుకునేవారనీ హెరొడోటస్ రెండున్నర వేల ఏళ్ల కింద రాశాడు. మేం గొరిగించుకోలేదు గానీ, పాపను గట్టు మీదకు తీసుకుపోయి రెండు గుంతలూ చూపించాను. మొదటిది ఎప్పుడు పోయిందో, నేను ఏమేం అబద్ధాలు చెప్పానో వరసగా చెప్పాను. అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. చెప్పు కొరికిన సంగతి, కొబ్బరి పీచులో తల ఇరుక్కున్న సంగతి తనే ఒక్కొక్కటి తీసింది. చీకటి పడి ఏరియేటర్లు వేసేదాకా కూర్చున్నాం. ఆ తర్వాత చాలా రోజులు భోజనాల దగ్గర బ్రూనో మాటే. రెండోదానికి వేరే పేరు పెట్టింది, అది బ్రూనో కాదు గనుక. ఆ పేరు తను బయటివాళ్లకు చెప్పదు, నేనూ చెప్పను.

ఏడాది దాటాక, వరండా, మెట్లు, గిన్నెలు అన్నీ బ్లీచింగ్‌తో కడిగి ఆరబెట్టాక, గట్టు మీద పుట్టిన నాటు పిల్లను పాపే ఎంచుకుంది. టీకాలన్నీ పూర్తయ్యేదాకా దాన్ని గుంటల దగ్గరే, వేరే గదిలో ఉంచి ఆ తర్వాతే ఇంటికి తెచ్చాం. టీకాల తేదీలు క్యాలెండర్ మీద పాపే ఎర్ర పెన్నుతో రాసింది. తీసుకుపోయి వేయించుకొచ్చి, వేశారని నేను చెబితే మాత్రం చాలదు. కార్డు చూస్తుంది, ఆ మీదట డాక్టరమ్మకు తనే ఫోన్ చేసి, "ఆంటీ, మా నాన్న ఇవాళ నిజంగా వచ్చాడా?" అని అడుగుతుంది. నేను అక్కడే కూర్చుని వింటుంటాను. ఆ ఫోను ఎప్పుడు మానేస్తుందో తన ఇష్టం.