పడగ్గదికి బూడిద పూసే విధానం

ముందుగా దాన్ని బూడిద రంగు అనడం మానెయ్యండి. ఆ మాట వినగానే ఇంట్లో పెద్దవాళ్లకి పొయ్యి గుర్తొస్తుంది, ఆ తర్వాత శ్మశానం గుర్తొస్తుంది, వెంటనే అడ్డం పడతారు. ‘గ్రే’ అనండి. దానికీ ముఖం చిట్లిస్తే ‘చార్‌కోల్’ అనండి. చార్‌కోల్ అంటే బొగ్గేనని వాళ్లు కనిపెట్టేలోపు మేస్త్రికి అడ్వాన్సు ఇచ్చేసి ఉంటారు.

ఈ విద్యలో నాకు అనుభవం ఉంది. హైదరాబాద్‌లో నాలుగో అంతస్తు, 12 అడుగులకు 11 అడుగుల గది, నా సొంత డబ్బు. ఆ అనుభవమంతా పిండితే కారేది ఒక్క చుక్క: రంగుని ఎక్కడైనా ఎంచుకోండి, ఆ గదిలో మాత్రం ఎంచుకోకండి.

అన్నిటికన్నా మంచి చోటు ఫోను. రాత్రి పదకొండు దాటాక, లైట్లార్పి, దుప్పట్లో దూరి చూడండి. అక్కడ కనిపించే గదులకి ఒక గోడ పొడవునా కిటికీ ఉంటుంది. కిటికీ అవతల మంచు. కింద లేత రంగు చెక్క నేల. మంచం, దాని పక్కన ఒక పుస్తకం, అంతే. బీరువా ఉండదు, బీరువా మీద సూట్‌కేసులు ఉండవు, సూట్‌కేసుల మీద పాత మిక్సీ అట్టపెట్టె ఉండదు. మన కిటికీ నాలుగడుగులు. దానికి గ్రిల్లు, గ్రిల్లుకి దోమల జాలీ, జాలీ ముందు ఆరేసిన తువ్వాలు. ఈ తేడాని పట్టించుకోకండి. ఇంకో సంగతి, చీకటి గదిని చూస్తే కెమెరాకి జాలి. ఎదురుగా ఏమున్నా దాన్ని మధ్యరకం వెలుగులోకి లాగెయ్యాలని తాపత్రయపడుతుంది. అందుకే బొగ్గులాంటి గోడ కూడా ఫొటోలో పావురం రెక్కలా వస్తుంది. మీరు ఆ పావురాన్ని చూసే డబ్బు కట్టాలి.

తర్వాత పెయింట్ల షాపు. కుర్రాడు విసనకర్రలా షేడ్ కార్డు విప్పుతాడు. అందులో గ్రేలే పాతిక ముప్ఫై ఉంటాయి, ఒక్కోటీ రెండు వేళ్ల వెడల్పున. నంబర్లు చూడకండి, పేర్లు చదవండి. తుఫాను మబ్బు, అర్ధరాత్రి పొగ, ఏనుగు కల లాంటి పేర్లు తగులుతాయి. పేరు ఎంత కవిత్వంగా ఉంటే గోడ అంత బాగుంటుందని నమ్మండి. ముక్కలన్నిటినీ పక్కపక్కన పెట్టి పోల్చే పని అసలే పెట్టుకోకండి. అలా పోల్చితే ఒకదాంట్లో నీలం, ఒకదాంట్లో ఆకుపచ్చ, ఇంకోదాంట్లో వంకాయ రంగు దాక్కుని ఉందని తెలిసిపోతుంది. తెల్ల కాగితం మీద పెట్టి చూసినా అంతే, గుట్టు రట్టవుతుంది. దొంగని పెళ్లి ముందే పట్టేసుకుంటే ఇక సంసారంలో మజా ఏముంటుంది?

కొన్ని కార్డుల మీద ఎల్ఆర్‌వీ అని ఒక అంకె ఉంటుంది. గోడ మీద పడిన వెలుగులో ఎంత తిరిగి గదిలోకి వస్తుందో చెప్పే లెక్క అది. పూర్తి నలుపుకి 0, పూర్తి తెలుపుకి 100. మన ఇళ్లలో మామూలుగా వేసే లేత క్రీములు 70, 80 దగ్గర ఉంటాయి. ముదురు గ్రేలు 10కి అటూ ఇటూ. అంటే నూరు అప్పిస్తే పది తిరిగిచ్చే బంధువన్నమాట. ఆ అంకె చూసినా చూడనట్టే ఉండి, గదిలో ఎప్పట్నుంచో ఉన్న ఒక్క ట్యూబ్‌లైటునే ఉంచండి. బట్టలు ఇస్త్రీవో విడిచినవో చేత్తో తడిమి తెలుసుకోవచ్చు.

ఇప్పుడు వాస్తు. మన సిద్ధాంతులు ఇంటి యజమాని పడగ్గదిని నైరుతిలో పెట్టమంటారు. బిల్డర్లూ అలాగే పెడతారు. కాబట్టి మన దొరగారి గదులు చాలావాటికి సాయంకాలపు ఎండ మొత్తం పడమటి కిటికీలోంచే వస్తుంది. ఇది పంచాంగం చెప్పే విషయం కాదు గానీ రంగుకి ఇదే అసలు జాతకం. నీలం దాచుకున్న గ్రే పొద్దున పది గంటలకి హుందాగా ఉంటుంది. నాలుగున్నరకి నారింజ ఎండ తగలగానే ఆ నీలం చచ్చిపోయి, గోడ వాన వెలిసిన మట్టిరోడ్డులా మారుతుంది. ఏడింటికి తెల్ల ట్యూబ్‌లైటు వేస్తే చచ్చిన నీలం లేచి కూర్చుంటుంది. పసుపు బల్బు పెడితే మళ్లీ మట్టి. మీరు కొన్నది ఒక డబ్బా, వచ్చినవి నాలుగు రంగులు. లాభమేగా!

పక్కనున్న వస్తువుల మాట కూడా చెప్పాలి. ప్యారిస్‌లోని గోబెలిన్ రాజ నేతశాలలో అద్దకాలకి పెద్దగా ఉన్న షెవ్రోల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడికి ఒక ఫిర్యాదు వచ్చింది, నల్లదారం సరిగ్గా నల్లగా లేదని. ఆయన దారాన్ని పరీక్షించి, దోషం అద్దకంలో లేదన్నాడు, దాని పక్కన నేసిన రంగుల్లో ఉందన్నాడు. పక్క రంగు తనకి ఎదురైన రంగుని పొరుగువాడి మీద రుద్దుతుందని 1839లో పెద్ద పుస్తకమే అచ్చేశాడు. ఆ తర్వాత మరో యాభై ఏళ్లు బతికి, 102 ఏళ్ల వయసులో పోయాడు. గోడలకి రంగులు వేయించే జోలికి పోలేదేమో. నేను ఆయన్ని చదవక ముందే నా గదిలో తేనె రంగు టేకు వార్డ్‌రోబ్ పెట్టించాను. నారింజ ఛాయ ఉన్న ఆ చెక్క పక్కన నా నిఖార్సయిన గ్రే నీలంగా తేలింది. మా ఆవిడ గుమ్మంలో నిలబడి, “ఎఫ్ఐఆర్ ఎక్కడ రాయించాలండీ?” అంది.

అందుకే చెక్క, కర్టెను, దుప్పటి ఏవీ చూడకండి. గోడ ఒక్కటే ఈ లోకంలో ఉందనుకోండి.

మేస్త్రి పాత మనిషైతే మీ పనికి అడ్డం పడతాడు. మా మేస్త్రిది శ్రీకాకుళం వైపు. “చిన్న డబ్బా తెచ్చి, చార్టు మీద రెండు కోట్లు కొట్టిస్తాను సార్. రెండ్రోజులు నాలుగు గోడలకీ మార్చి మార్చి ఆనించి చూసుకోండి,” అన్నాడు. నేను వద్దన్నాను. రెండు వందల రూపాయల సంగతది. తప్పనిసరై శాంపిల్ వేయిస్తే తలుపు వెనక, అరచేతి మేర, ఒక్క కోటు వేయించి, తడి ఆరకముందే నిర్ణయం ప్రకటించండి. మన చిన్నప్పుడు సంక్రాంతి ముందు నీలిమందు కలిపిన సున్నం కొట్టేవారు, గుర్తుందా? తడిగా ఉన్నప్పుడు గోడ మురిగ్గా కనిపించేది; తెల్లారేసరికి మల్లెపువ్వు. ఎమల్షన్‌ది తిరగబడ్డ బుద్ధి. తడిలో పాలు కలిసినట్టు లేతగా ఉంటుంది, ఆరాక ముదురుతుంది. సున్నం నాటి నమ్మకంతోనే ఎమల్షన్ వేయించుకోండి.

కొనేటప్పుడు అంతా ఒకేసారి తేకండి. ఒక డబ్బా సోమవారం, ఒకటి గురువారం. మిషన్ కలిపే రంగు రోజుకో వెంట్రుకవాసి మారుతుంది. డబ్బాలన్నీ ఒక పెద్ద బకెట్లో పోసి కలిపితే ఆ తేడా పోతుందని మేస్త్రి అంటాడు, వినకండి. గోడ మధ్యలో సరిహద్దు గీత రావాలంటే ఇంతకన్నా తేలిక దారి లేదు.

సీలింగ్ కూడా అదే రంగు. పదడుగుల ఎత్తు ఏడడుగులకి దిగుతుంది. ఫ్యాను మాత్రం తెల్లది ఉంచండి.

ఫినిషింగ్ దగ్గర మాత్రం రాజీ పడకండి, మాట్ ఫినిషే వేయించండి. మనం తలకి కొబ్బరినూనె రాసుకుని మంచం మీద వెనక్కి వాలే జాతి. వారం తిరిగేసరికి గోడ మీద ఒక తలకాయ, దాని పక్కన కొంచెం చిన్న తలకాయ అచ్చుపడతాయి. క్రీము గోడైతే సున్నితంగా పసుపు పట్టేది. ఇక్కడ నల్లగా నిగనిగలాడుతుంది. తడిగుడ్డతో రుద్దారా, మాట్ కాస్తా మెరుపెక్కి, తలకాయ చుట్టూ దేవుడి పటాల్లోలా ఒక వెలుగు వలయం వస్తుంది. మేకు కొట్టబోతే గోడ పెచ్చు లేచి, లోపలి లప్పం పళ్లన్నీ బయటపెట్టి తెల్లగా నవ్వుతుంది. దానికి మిగిలిన రంగు ముట్టిస్తే అతుకు వేరుగా కనిపిస్తుంది. అతుకుని కప్పడానికి క్యాలెండరు, క్యాలెండరుకి ఇంకో మేకు.

బాత్రూమ్‌తో కలిసిన గోడైతే మరీ మంచిది. చెమ్మ ఎక్కి ఉప్పు పూస్తుంది. తెల్లగోడ మీద ఉప్పు ఏళ్ల తరబడి ఎవరి కంటా పడదు; బొగ్గుగోడ మీద మొదటి వానాకాలానికే విభూతి రేఖలు దిద్దుకుంటుంది. బూడిద అనొద్దని మొదట చెప్పాను కదా, గోడే అనేస్తుంది.

దోమల విషయం ఎవరూ చెప్పరు. దోమకి ముదురు రంగులంటే ఇష్టం. తెల్లగోడ మీద వాలితే చటుక్కున కనిపించేది, చెయ్యి లేచేది. ఇప్పుడది తాపీగా కూర్చుని మనల్ని చూస్తుంది, మనకి అది కనిపించదు. రాత్రి రెండింటికి ఫోను టార్చి వేసుకుని దోమల బ్యాటుతో తిరుగుతుంటే, ఏ మంచం మీద ఆ పావురం రెక్కని ఎంచుకున్నానో అదే మంచం కాలికి తగిలింది.

అంతా అయ్యాక ఊరినుంచి మా అమ్మ వచ్చింది. గదిలోకి తొంగిచూసి, “ఏరా, ఈ గది ఇంకా సిమెంటు మీదే ఉందేంటి? రంగులకి డబ్బులు చాల్లేదా?” అంది. రాత్రి నా జేబులో రెండు వేలు పెట్టబోయింది కూడా.

కిందటి నెల కింద ఫ్లాటు ఆయన గృహప్రవేశానికి ముందు మా ఇంటికి వచ్చాడు. పొద్దున పదకొండున్నర, గోడ హుందాగా ఉండే వేళ. మంచం తల వైపు గోడకి మా ఆవిడ రెండు దిండ్లు నిలబెట్టి ఉంచింది. ఆయన కిటికీ దాకా నడిచి, చేతులు వెనక్కి కట్టుకుని, “చాలా క్లాసుగా ఉంది సార్, షేడ్ ఏంటో చెప్తారా?” అన్నాడు.

పేరు చెప్పాను. నంబరు చెప్పలేదు.