సెకండ్‌హ్యాండ్ గాండీవము

విఘ్నేశ్వరుణ్ణి తలచి, ఆపై ఉప్పుకాగితాన్ని స్తుతిస్తున్నాం. 120 నంబరు ఉగ్రమూర్తి, 220 సౌమ్యమూర్తి, 400 సాక్షాత్తూ శాంతస్వరూపం. కావ్యమన్నాక కుకవినింద తప్పదు గనుక, ఈ వింటికి పాత యజమాని పూసిన వార్నిషును కూడా ఇక్కడే నిందిద్దాం. ముదురుపాకంలా కారి, గడ్డకట్టి, మేపుల్ ఏదో వాల్‌నట్ ఏదో తెలియకుండా చేసిన ఆ కుంచె ఏ చేతిదైనా, దానికి నరకంలో చోటు ఖాయం.

నాయకుడు మా బావగారు. రణరంగం టెక్సాస్‌లో ఆయన గరాజ్. ఆయుధం టేక్‌డౌన్ రికర్వ్ విల్లు. పొడవు 62 అంగుళాలు, 28 అంగుళాలు లాగితే 40 పౌండ్ల బలం. శివధనుస్సు రెండు ముక్కలైతే రాముడికి సీతమ్మ దక్కింది. ఇది రెండు బోల్టులు విప్పితే చాలు, బుద్ధిగా మూడు ముక్కలవుతుంది: నడుమ పిడి రైజర్, అటూ ఇటూ వంగే రెక్కలు లింబులు. అంచేత దీన్ని చూపించి ఏ జనకుడూ పిల్లనివ్వడు. ఉన్న ఇల్లాలేమో, "ఏవండీ, నా కారు ఎక్కడ పెట్టుకోమంటారు?" అని శంఖం పూరించింది.

ఇక వార్నిషాసుర సంహారం. సేనాధూళి సూర్యబింబాన్ని కప్పడం ప్రబంధాల్లో మామూలే. ఇక్కడ ట్యూబ్‌లైట్‌ను కప్పింది. రైజర్ నున్నటి వంపుల్లో శత్రువు తేలిగ్గానే లొంగాడు గానీ, బాణం ఆనే అంచు మూలలో కోట కట్టుకు కూర్చున్నాడు. అక్కడికి వేలు పోదు. ఉప్పుకాగితాన్ని పెన్సిలుకు చుట్టి, చెక్క గీతల వెంటే, అడ్డంగా ఒక్క గీటు పడకుండా, గోరంత గోరంత గెలుచుకోవాలి. తడిగుడ్డతో తుడవగానే ముదురు గోధుమరంగు వాల్‌నట్ నడుమ పాలరంగు మేపుల్ చార బయటపడింది. బావగారు అక్కను కేకేసి పిలిచారు. అక్క రాలేదు.

హీట్‌గన్‌తో వార్నిషును మెత్తబరిచి గీకేద్దామన్న మాయలేడి కూడా ఎదురైంది. ఆ వేడికి పొరల్ని పట్టి ఉంచే జిగురు సడలుతుందని దాన్ని పోనిచ్చారు. ఈ ఒక్క విషయంలో మా బావగారు రఘురాముణ్ణి మించారు. లింబుల జోలికీ పోలేదు. నడుమ చెక్క, పైనా కిందా ఫైబర్‌గ్లాస్. వింటి బలమంతా ఆ మందంలోనే ఉంది. అరగదీస్తే పౌండ్లు రాలతాయి, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

తర్వాత తైలాభిషేకం. అవిసె నూనె పల్చగా రుద్ది, మిగిలింది తుడిచి, ఆరాక మళ్లీ. లింబు కూర్చునే గూట్లో మాత్రం పూత పేరుకోకూడదు. పేరుకుంటే లింబు సరిగ్గా కూర్చోదు.

అసలు ఆగ్నేయాస్త్రం వింటిలో లేదు, ఆ నూనె తుడిచిన పాత బనియన్‌లో ఉంది. అవిసె నూనె గాలికి ఆరుతూ వేడి పుట్టిస్తుంది. ఉండచుట్టి మూల పడేస్తే అగ్గిపుల్లతో పనిలేకుండా అంటుకోగలదు. అర్జునుడికి గాండీవం దక్కింది ఖాండవ దహనం సందర్భంలోనే గదా! ఆ ఘట్టం టెక్సాస్‌లో మళ్లీ ఆడకుండా, బావగారు బనియన్‌ను బయట సిమెంటు గచ్చు మీద విప్పి పరిచారు.

అక్క ఇప్పుడొచ్చింది. వింటి వంక చూడలేదు. "దాన్ని గానీ నా వాషింగ్ మెషీన్‌లో వేశారో!" అంది.