సర్వర్ డౌన్, సారు టీకి!

1902లోనే శివనసముద్రం నుంచి కోలారు బంగారు గనులకు 140 కిలోమీటర్లకు పైగా తీగ లాగి కరెంటు తెచ్చారు. అక్కడి చాంపియన్ రీఫ్ గనిలో 3 కిలోమీటర్ల లోతుకు మనుషుల్ని దింపి బంగారం తవ్వించారు. అదే కోలారు జిల్లాలో ఇప్పుడొక ఆఫీసులో పహాణీ (భూమి రికార్డు) పేజీ పక్క గది దాకా రాదు!

అడిగితే "సర్వర్ డౌన్, రేపు రాప్పా" అంటారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, పాపమంతా బెంగళూరు సర్వర్ నెత్తినే. తెర మూలన మాత్రం 'ఐపీ అడ్రస్ కాన్‌ఫ్లిక్ట్' అని పసుపు త్రికోణం మొత్తుకుంటూనే ఉంటుంది. ఎవరో మహానుభావుడు రెండు కంప్యూటర్లకూ ఒకే నంబరు చేత్తో కొట్టి పోయాడు. ఒకదాంట్లో పేజీ తెరుచుకుంటే రెండోది మొరాయిస్తుంది. సెట్టింగుల్లో 'ఆటోమేటిక్' అని పెడితే రూటరే తలా ఒక నంబరు పంచుతుంది. అప్పటికీ రాకపోతే బ్రౌజర్‌లో పాత ప్రాక్సీ తీసెయ్యాలి, కంప్యూటర్ తేదీ సరిచూడాలి. అయిదు నిమిషాల పని.

ఒకే సర్వే నంబరుకు ఇద్దరు హక్కుదారులుంటే రైతును ఏళ్ల తరబడి తిప్పడం అలవాటైన చోటు కదా, ఈ తగాదా కూడా వాయిదాల మీదే నడుస్తోంది!