బొమ్మ చూసి బేరం

ఆన్‌లైన్ వేలానికి పెట్టిన పాత వస్తువును ఫోటో తీసే శ్రమ మానుకుని, దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో ప్రచారానికి తీయించుకున్న ఫోటోను అతికించడమే స్టాక్ ఫోటో వాడకం. తెల్లటి నేపథ్యం, గీత పడని అద్దం, దుమ్మెరుగని అంచులు దీని లక్షణాలు. పెళ్లిళ్ల పేరయ్య సంచిలోని పదేళ్లనాటి స్టూడియో ఫోటోకు ఇది దగ్గరి చుట్టం. కాకపోతే ఆ ఫోటోలో ఉన్నది కనీసం ఆ పెళ్లికొడుకే.

వేలంతోపాటే పుట్టిన విద్య కాదిది. 1995లో పియర్ ఒమిడ్యార్ ఈబే మొదలుపెట్టినప్పుడు (అప్పటి పేరు ఆక్షన్‌వెబ్) తొలుత అమ్ముడైందని చెప్పుకునే సరుకు ఒక చెడిపోయిన లేజర్ పాయింటర్. చెడిపోయిందని రాసి మరీ పెడితే 14.83 డాలర్లు పలికింది. అంత నిజం అక్కర్లేదని తర్వాతి అమ్మకందార్లు త్వరగానే గ్రహించారు.

పాత చేతిగడియారాల దగ్గర ఈ విద్య బాగా రాణిస్తుంది. ప్రకటన కోసం తీసిన ఫోటోలో ముళ్లు దాదాపు ఎప్పుడూ పదీ పది దగ్గరే ఉంటాయి. కంపెనీ పేరు ముళ్ల చాటున పడకుండా, ముఖం నవ్వుతున్నట్టు కనబడాలని ఆ ఏర్పాటు. ఇంట్లో బల్లమీద పెట్టి తీసిన గడియారం ఏ నాలుగూ ఇరవైమూడో చూపిస్తుంది; బహుశా ఆగిపోయింది అప్పుడే. అద్దం మీద గీతలు, బెల్టు మీద చెమట మరక, ఓ మూల అమ్మేవాడి బొటనవేలు కూడా ఫోటోలో పడతాయి. అనుభవమున్నవాడు ఆ బొటనవేలిని చూసే ధైర్యంగా పాట పెంచుతాడు.

ఫోటోకు తోడు వర్ణన. ‘కొద్దిగా వాడింది’, ‘వయసుకు తగ్గట్టుంది’, ‘పరీక్షించలేదు’. చివరిది రాశారంటే పరీక్షించారని, పనిచేయలేదని తెలుసుకోవాలి. పాడేవాళ్ల ఊహ పెరిగితే ధర పెరుగుతుంది కనుక ఊహకు అడ్డొచ్చే వివరం ఎందుకని అమ్మేవాడి లెక్క. సరుకు గుట్టు అమ్మేవాడికే తెలిసిన బజారులో కొనేవాడు అన్నింటినీ అనుమానించి అన్నింటికీ తక్కువే ఇస్తాడని, మంచి సరుకు క్రమంగా తప్పుకుంటుందని జార్జ్ అకెర్లాఫ్ 1970లోనే పాత కార్లను చూపి వివరించారు. 2001లో నోబెల్ కూడా అందుకున్నారు. బజారు మాత్రం అలాగే ఉంది.

నిబంధనలు లేక కాదు. వాడిన వస్తువుకు స్టాక్ ఫోటో పెట్టకూడదన్నది ఈబే నియమం. ఫోటో పొడవైన వైపు కనీసం 500 పిక్సెళ్లుండాలి, దానిమీద రాతలు కూడదు. పుస్తకాలు, సినిమాల వంటి వాటికి సడలింపు ఉంది, కాబట్టి కాఫీ ఒలికిన నవల కూడా అప్పుడే అచ్చయినట్టు మెరవవచ్చు. అనుమానమొచ్చి ఆ ఫోటో ఇంకెక్కడుందో వెతికిపెట్టే టిన్‌ఐ లాంటి సైటులో చూస్తే, ఒకే గడియారం నాలుగు దేశాల్లో నలుగురి ఇళ్లలో ఏకకాలంలో ఉన్నట్టు తేలుతుంది.

ఈ కళ శిఖరం తాకింది 2013 డిసెంబరులో, ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో. ఓ యువకుడు ఈబేలో 450 పౌండ్లు పెట్టి ఎక్స్‌బాక్స్ వన్ కొన్నాడు. అమ్మకం గేమ్ యంత్రాల విభాగంలోనే ఉంది, ‘ఫోటో’ అన్న మాట కూడా వర్ణనలో నిజాయితీగా ఉంది. పార్సిల్లో వచ్చింది ఎక్స్‌బాక్స్ ఫోటో. వెనకవైపు కొన్నందుకు కృతజ్ఞతలు కూడా రాసి ఉన్నాయి. ఈబే డబ్బు వాపసు ఇచ్చింది.